సంచిలో వేసిన బెండ్లు

కాస్త ఇటు జరిగి గోడకు ఆనుకుని కూర్చోండి. నా చేతులతో నేను చేసిన పని ఒకటి చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. మాది సముద్రం ఒడ్డున భావనపాడు. వల లాగుతూ మా ఆయన కుడి భుజం దెబ్బతింది. కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువు కొంత చిరిగిందని టెక్కలి డాక్టరు చెప్పారు. కొన్ని వారాలు కదపకుండా ఉంచి కట్టు విప్పాక, ఇక రోజూ బరువెత్తాలి, వారం వారం కాస్త పెంచాలి అన్నారు. చిరిగిన చోట బరువేమిటి అనుకున్నాను.

ఆ చేయి మళ్లీ వల లాగితేనే పడవలో ఆయనకు చోటు. ఏటా వేసవిలో చేపల వేట ఆపేసే నిషేధం ముగిసేదాకా ఆ చోటు ఉంచుతామని పడవ వాళ్లు మాటిచ్చారు.

వల మునగడానికి కట్టే సీసం గుళ్లనే సంచిలో వేసి ఎత్తేవాడు. నొప్పికి మొహం ముడుచుకుపోయేది. సంచి నింపి మూతి కట్టే పని నాది. చూడలేకపోయాను. రోజుకు కొన్ని చొప్పున గుళ్లు తీసేసి, వల తేలడానికి కట్టే బెండ్లు వేశాను. వారం వారం బెండ్లే పెంచాను. సంచి మాత్రం ఉబ్బుతూ వచ్చింది.

"బరువే తెలీడం నేదే. సెయ్యి బాగుపడిపోనాది" అని మురిసిపోయేవాడు. నేను అటు తిరిగి ఎండుచేపలు ఏరుకునేదాన్ని.

వేట మొదలైన రోజు ఒడ్డున అందరితో పాటు తాడు పట్టి ఒక్క గుంజు గుంజాడు. చేయి వాలిపోయి ఇసుకలో కూలబడ్డాడు.

ఎంత బరువు ఎత్తాడో డాక్టరుకు చూపాలని ఆయన పట్టుకున్న సంచితో సహా టెక్కలి పరిగెత్తాం. డాక్టరు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసి, మూతి విప్పారు. బెండ్లు బల్ల మీద దొర్లాయి. నేనే వేశానని చెప్పేశాను.

భుజం నొక్కి చూసి, అదృష్టం, చిరుగు పెరగలేదన్నారు. "స్నాయువుకు కొద్దికొద్దిగా పని చెబితేనే అది ఎముకను గట్టిగా పట్టుకుంటుందమ్మా. మీరు దానికి పనే లేకుండా చేశారు."

బస్సెక్కాక మా ఆయన ఒక బెండు నా ఒళ్లో పడేసి, "నా సేతిని నీట్లో తేల్చీసినావు గదే" అన్నాడు. నవ్వబోయి ఆగిపోయాడు.

ఆ ఏడు ఆయన చోట వేరొకరు పడవెక్కారు. మళ్లీ తక్కువ బరువుతో మొదలుపెట్టి, రోజూ ఆయన ఎదుటే గుళ్లు వేశాను. నా చేయి ఆగితే, "ఇంకోటెయ్యే, సూత్తావేటి" అనేవాడు. మరుసటి ఏడు వల లాగాడు. అది ఒడ్డుకొచ్చేదాకా నేను ఆ భుజం మీంచి చూపు తిప్పలేదు.

మీ ఇంట్లో పనిచేసే చేతులన్నీ గట్టిగా ఉండాలి. మీవాళ్లు నొప్పి పడుతుంటే చూసి ఓర్చుకునే ధైర్యం గంగమ్మ తల్లి మీ ఇంటికి ఇవ్వాలి.