కన్ను తెల్లబడ్డ పక్షి

మొన్న నా పాత విద్యార్థి ఒకడు ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట మీద తీసిన గల్ అనే తెల్లటి నీటిపక్షి ఫోటో పంపి, ఇది అప్పట్లో మీరు కనిపెట్టిన సంకర పక్షి లాంటిదే కదా సార్, చెరువు పక్షుల జాబితాలో అలాగే ఎక్కించనా అని అడిగాడు. జవాబిచ్చే ముందు సరిచూసుకుందామని అటక మీది పాత నోటుపుస్తకాలు దించాను.

ఇక్కడి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే రోజుల్లో, చెరువులో నీళ్లున్న చలికాలాల్లో, ఆదివారం పొద్దున్నే మా ఆవిడా నేనూ స్కూటర్ మీద కట్టకు వెళ్లేవాళ్లం. నేను బైనాక్యులర్‌లో చూసి చెబితే ఆమె రాసేది. చూపు నాది, రాత ఆమెది, జొన్నరొట్టెల మూట ఇద్దరిదీ. నేను చాయ్ తేవడానికి సాగర్ రోడ్డు దాకా వెళ్లినప్పుడు మాత్రం బైనాక్యులర్ ఆమె చేతికి వచ్చేది.

బాతులతో, కొంగలతో పేచీ లేదు గానీ గల్స్‌తోనే తంటా. ఇక్కడికి వచ్చేవి రెండు రకాలు, గోధుమతలదీ నల్లతలదీ; చలికాలంలో రెండూ తలరంగు పోగొట్టుకుని అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. పెరిగిన గోధుమతల గల్‌కు కన్ను తెలుపు, నల్లటి రెక్క కొసల్లో తెల్ల మచ్చలు. నల్లతలదానికి కన్ను నలుపు, ఆ మచ్చలుండవు. ఆ రెండింటికీ పుట్టిన సంకరాన్ని పోల్చుకోవడం తలపండిన వాళ్లకే కష్టం. ఒక ఏడు నాకు ఒక కుంటి పక్షి కనిపించింది. ఒడ్డూ పొడుగూ గోధుమతలదానివే, కన్ను మాత్రం నలుపు, రెక్కల కొసన మచ్చల్లేవు. సంకరమని రాయమన్నాను. ఆమె పెన్ను ఆపింది.

"జర నిమ్మలంగ సూడుండ్రి. గది ఇంక పిల్లనేమో."

కందుకూరులో కోళ్ల మధ్య పెరిగిన మనిషి, పిల్లకు ఈక మారడం ఆమెకు తెలియనిదా. కానీ నాకు చదువు తలకెక్కి ఉంది. రాయమన్నానని రాసింది.

ఆ పక్షితో నాకు పేరొచ్చింది. మరుసటి చలికాలం పట్నంలో పక్షులు చూసేవాళ్ల సభకు పిలిచి, మాట్లాడించి, శాలువా కప్పారు. ముందు వరసలో కొంగు వేళ్లకు చుట్టుకుంటూ ఆమె నన్నే చూస్తూ కూర్చుంది. అది గర్వమనే ఇన్నేళ్లూ అనుకున్నాను.

మొన్న తిరగేసిన పుస్తకంలో, ఆ సభకు ముందు ఆదివారం పేజీలో, నేను చెప్పిన లెక్కల కింద, నేను చెప్పనిది ఒకటి చిన్న అక్షరాలతో ఉంది.

"గా కుంటిదే మల్ల వచ్చింది. కన్ను తెల్లవడ్డది, మచ్చలొచ్చినయ్. అది పిల్లనే. సారుకు చెప్పలే. మస్తు సంబురంగ ఉన్నడు."

అంటే ఆ సభలో ఆమె కళ్లలో ఉన్నది గర్వం కాదు, ఎవరైనా లేచి నన్ను నిలదీస్తారేమోనన్న భయం. ఆమె పోయి నాలుగేళ్లయింది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

నాది తప్పు, జాబితాలోంచి కొట్టేయ్, నీ పక్షికి కూడా వచ్చే ఏడు దాకా పేరు పెట్టకు అని ఆ అబ్బాయికి రాశాను. అప్పుడు కట్ట మీద మేమిద్దరమే. ఇప్పుడు ఆదివారం వస్తే కట్ట నిండా కెమెరాలు, అవతల ప్లాట్ల జెండాలు, ఫోటో చూపిస్తే క్షణంలో పేరు చెప్పే ఫోన్లు. మంచిదే. నా తప్పును దిద్దడానికి ఇప్పుడు ఎంతమందైనా ఉన్నారు. అది తెలిసి కూడా కడుపులో దాచుకుని, నా పక్కన కూర్చుని లెక్క రాసే మనిషే లేదు.