నిండా పోసిన గిన్నె

కర్టెన్లు కుట్టే జిపర్గుల్‌కు ఇంటి లోన్ ఇప్పిస్తానన్న బ్రోకర్ మొదటిరోజే తేల్చేశాడు. "అక్కా, నీ సంపాదనకి కాగితం లేదు. జీతమొచ్చే మనిషెవరైనా నీతోపాటు సంతకం పెట్టాలి."

అన్న ఎసెన్ సర్కారు ఉద్యోగి. ఆ మహానుభావుడు కాళ్ళరిగేలా తిప్పుకుని, బతిమాలించుకుని మరీ పెట్టాడు. వాయిదాలన్నీ ఆమే కట్టుకోవాలి.

కొత్తింటి విందులో గుమ్మానికి ఎదురుగా, పెద్దల చోట ఎసెన్ కూర్చున్నాడు. ఇల్లుగలామె గుమ్మం పక్కన టీ పోస్తూ కూర్చుంది.

"నా సంతకమే లేకపోతే ఇది బిష్కెక్‌లో అద్దెకొంపలు పట్టుకుని వేలాడేది," అన్నాడు చుట్టాలతో. "ఏమే, టీ ఏదీ?"

అక్కడ గౌరవించే అతిథికి టీ గిన్నెలో సగమే పోస్తారు. నిండా పోశారంటే, తాగి లేచి పొమ్మని.

జిపర్గుల్ అన్న గిన్నెను అంచుదాకా నింపింది.

"తాగన్నయ్యా," అంది.