గారు అన్న మెయిల్

యాభై దాటినంక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఏది చదివినా పట్టి పట్టి చదువుత. నా తమ్మునికి అది కిట్టదు. "నువ్వు చదివేసరికి తెల్లారుతదక్కా" అంటడు.

ఆ పొద్దు ఫోన్ పట్టుకొని కొత్తవాడల మా ఇంటికి ఉరికొచ్చిండు. మరమగ్గం అమ్మిన పైసలన్నీ వాని ఖాతాలనే ఉన్నయి. అవి పోతే వానికి ఇంకేం లేదు. ఫోన్ల బ్యాంకు పేరుతోటి మెయిల్. పైన బ్యాంకు గుర్తు, కింద తెలుగు: "గౌరవనీయులైన ఖాతాదారు గారికి నమస్కారములు. మీ ఖాతా ఈ సాయంత్రం మూసివేయబడును. దయచేసి కింది నీలి అక్షరాలను నొక్కి, కార్డు నంబరు, పిన్ను తెలుపగలరు."

"ఎంత మర్యాదగ రాసిండ్రో చూడు" అని కార్డు నా చేతుల పెట్టిండు. "అద్దాలు మరిచొచ్చిన. నంబరు జర చదువక్కా, నేను నొక్కుత."

కార్డు కొంగుకు ముడేసుకున్న.

"బ్యాంకోడు నిన్ను ఎన్నడన్న గారు అన్నడారా?"

"ఇప్పుడంటాండు. నీకేం నొప్పి?"

"మొన్న పాస్‌బుక్ నీ ముందటికి విసిరేసినోడు ఇయ్యాల దయచేసి అంటాండా? నీ పేరే రాయలే, ఉత్త ఖాతాదారు అన్నడు. పిన్ను ఎవ్వలకూ చెప్పొద్దని గోడకు అంటించింది వాళ్లే గదా, మల్ల వాళ్లే ఎట్ల అడుగుతరు?"

"నీకు కుళ్లు. నన్నెవడన్న పెద్దమనిషి అంటే ఓర్వవు."

"ఓర్వను. ఆ మాట ఒక దొంగనాకొడుకు అంటే అస్సలే ఓర్వను."

కార్డు ఇయ్యలే. ఆటో ఎక్కించి బ్యాంకుకు గుంజుకపోయిన.

కౌంటర్ అద్దం వెనుక కూసున్న పిలగాడు తల కూడా ఎత్తలే. "ఏందవ్వా, జల్ది చెప్పు, లంచ్ టైం."

ఫోన్ చూపిచ్చిన.

"ఫేక్ అది. మేం పంపలే. నొక్కిండ్రా?"

"లేదు."

కంప్యూటర్ల చూసిండు. "పైసలు మంచిగనే ఉన్నయి. జరగుండ్రి, వెనుక లైనున్నది. చదువు రానోళ్లకు ఫోన్లెందుకో!"

ఆ కసురు విన్నంక నా పానం కుదుటపడ్డది. మా బ్యాంకు ఇదే.

బయట మెట్ల మీద, "ఇగ తీసెయ్యి ఆ మెయిల్" అన్న.

ఫోన్ జేబుల పెట్టుకున్నడు వాడు. "ఉండనీ. దొంగోడే నయమక్కా. గారు అన్నడు."

వాన్ని తిట్టబోయి ఆగిన. వెనుకకు మళ్లి, మెట్లెక్కి, ఆ అద్దం ముందట నిలబడి, నా నోట్ల ఉన్నదంత ఆ పిలగాన్ని తిట్టిన.