మా అక్కను అడిగిన పదకొండో ప్రశ్న

నేను బడికి పోయింది మూడో తరగతి దాకా, అదీ అరవంలో. తెలుగు చదవడం కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కార్ఖానాలో, చిరిగిన పాత పత్రికలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. మా వీధిలో తెలుగు మాట్లాడనివాళ్లు లేరు, చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో విరుదునగర్ నుంచి ఒక పరిశోధకురాలు నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

మనిషి తలపుల్లో, నడతలో వింత ఎంతుందో కొలిచే ప్రశ్నలు ఇంగ్లీషు నుంచి తెలుగు చేసి తెచ్చింది. అవి మావాళ్లను సరిగా కొలుస్తాయో లేదో తేల్చాలట. నేను ఇంటింటికీ పోయి చదివి వినిపించి, అవునో కాదో గుర్తు పెట్టాలి. వివరణ అడగకూడదు, చెప్పినా రాయకూడదు.

పదకొండో ప్రశ్న: కంటికి కనబడని మనిషి మీ దగ్గర ఉన్నట్టు, మాట్లాడినట్టు అనిపిస్తుందా? మా అక్క అవునంది. గుర్తు పెట్టాను.

వారానికి ఆ పరిశోధకురాలు అక్క కాగితం మీద ఎర్రగీత గీసి తెచ్చింది. ఆస్పత్రిలో మనోవైద్యుడు చూడాలట. పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిందని తెలిస్తే, అగ్గిపుల్లల మందు కలిపే అక్కను కార్ఖానా గడప తొక్కనిస్తారా?

నా మీద నాకే ఒళ్లు మండింది. పెళ్లికాకుండా పోయిన ఆడపిల్లను మా ఇళ్లలో కన్నెదేవరగా కొలుస్తాం. పన్నెండేళ్లకే పోయిన మా చెల్లెలికి వెదురుపెట్టెలో కొత్త పావడా పెట్టి ఉంచాం. అక్క అవునంది ఆ చెల్లెల్ని తలచుకునేనని తెలిసీ, నియమమని గుర్తు పెట్టినవాణ్ణి నేను.

"ప్రశ్న మార్చకూడదయ్యా" అంది పరిశోధకురాలు.

"మార్చొద్దు. కాగితం పక్కన పెట్టి, మనిషిని అడుగు పాపా" అని, చెల్లెలి సంగతి చెప్పి అక్క దగ్గరికి తీసుకుపోయాను.

"మీ చెల్లెలు ఎప్పుడు మాట్లాడుతుందమ్మా?"

"ఏటికొకతూరి, పొంగలి పెట్టినబుడు. అదీ పూనకమొచ్చిన గుడి పూసారి నోటితో. బతికుండేటబుడే నా మాట వినలేదు, ఇబుడొచ్చి నాతో ఏం మాట్లాడతాది?"

"వేరే గొంతులేమైనా వినబడతాయా?"

"ఈ తమ్ముడి గొంతు చాలదా?"

ఆమె అక్క కాగితం తీసింది. ఎర్రగీత కొట్టేసి, పదకొండో ప్రశ్న దగ్గర ఆగింది. దాని కింద "ఇంటిదేవతలూ పూజలూ కాకుండా" అని చేర్చింది. అడిగిన ఇళ్లన్నిటికీ మళ్లీ తిరిగాం. చదువుకున్నవాళ్ల కాగితాన్ని మూడో తరగతివాడు దిద్దాడని ఎవరైనా అనుకుంటే అనుకోనీ, దిద్దింది నిజం. ఒకతని జవాబు మాత్రం మారలేదు. గోడ తనను తిడుతోందని మెల్లగా చెప్పాడు. అతని భార్యతో మాట్లాడి, డాక్టరు దగ్గరికి మేమే తీసుకుపోయాం. అలాంటివాడి కోసం కదా ఆ కాగితం.

చివరికి అక్క వంతు. కొత్త ప్రశ్న పూర్తిగా చదివాను.

"లేదు" అంది, చీర కుచ్చిళ్లు దోపుకుంటూ. "ఇంకేమన్నా ఉండాదా? పనికి పొద్దయిపోతాంది."