నిప్పుగాడి గుండె

మా పక్క షెడ్డు వెల్డర్‌ని వీధంతా నిప్పుగాడు అంటుంది. రవ్వలు ఒంటి మీద రాలినా దులుపుకుని పని చేసుకునే మనిషి, సూది చూస్తే మాత్రం నిలువునా కూలిపోయేవాడు. ముప్పై నిండలేదు. ఈమధ్య సూది లేకుండానే పడటం మొదలైంది. ఒకసారి గేటు అతుకుతూ పడ్డాడు, ఆ గేటు వాడి మీద పడకపోవడం మా అదృష్టం.

ఉండుండి గుండె బాగా నెమ్మదించిపోతోందని, పేస్‌మేకర్ పెట్టాలని మొదటి డాక్టరు తేల్చేశాడు. వెల్డింగ్ మిషను దగ్గర అది తికమకపడొచ్చు కాబట్టి పని మానుకోమన్నాడు. ఆ మాటకి నిప్పుగాడు ఏడ్చాడు. వాడి బావ కళ్లు మెరిశాయి.

బావగారు మూడు వ్యాపారాలు ముంచి నాలుగోది వెతుక్కుంటున్న మేధావి. వెల్డింగ్ రాడ్డు ఏ కొసన పట్టుకోవాలో తెలియదు. అయినా "నువ్వు హాయిగా కుర్చీలో కూర్చో, షెడ్డు నేను చూసుకుంటా" అని, తన పేరుతో రేకు బోర్డు కూడా రాయించుకొచ్చాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

బావగారి భార్య, అంటే నిప్పుగాడి అక్క మాత్రం తమ్ముణ్ణి ఇంకో డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. ఆవిడ ఒక మందు ఎక్కించి చూస్తే గుండె చక్కగా పరుగెత్తింది.

"మీ గుండెలో లోపం లేదు. నెమ్మదించమని చెప్పే నరమే అతి చేస్తోంది. ఈ వయసులో పేస్‌మేకర్ పెడితే జీవితాంతం మార్చుకుంటూ ఉండాలి. కాలి రక్తనాళంలోంచి సన్నటి తీగ పంపి, ఆ నరం కొసలు కాల్చి చూద్దాం. ఇది అందరికీ కుదరదు. మీకు కుదరొచ్చు, మాట మాత్రం ఇవ్వలేను."

పడటం ఆగితే వెల్డింగ్ చేసుకోవచ్చా అని మాత్రమే అడిగాడు నిప్పుగాడు. ఆగిందని తేలాక చేసుకోవచ్చంది.

గుండె కాల్పించుకుంటున్నాడని బావ వీధంతా చాటింపు వేశాడు. రాత్రికి రాత్రి వైద్యం కూడా వచ్చేసింది ఆయనకి.

కాల్చారు. నెలలు గడిచాయి, సూదులు గుచ్చారు, వాడు పడలేదు. డాక్టరమ్మ సరేనన్న రోజే షెడ్డు తెరిచి, మూలనున్న బావ బోర్డుని కోసి, అతికి, ఒక కుర్చీ చేశాడు. వీపు ఆనే చోట బావ పేరు సగం కనిపిస్తోంది.

విషయం తెలిసి బావ పరుగున వచ్చాడు. నిప్పుగాడు కుర్చీ ముందుకు జరిపాడు.

"హాయిగా కూర్చో బావా. షెడ్డు నేను చూసుకుంటా."

బావ కూర్చున్నాడు. అతుకులింకా చల్లారలేదని చెప్పబుద్ధి కాలేదు నాకు.