కుడితి తొట్టిలో పోసిన పాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రోగం కన్నా మాత్రకే ఎక్కువ భయపడేవాళ్లు. మాత్ర వేడి చేస్తుందని, ఆ వేడికి పాలే విరుగుడని మా తాతయ్య నమ్మకం. కోడుమూరు చుట్టుపక్కల వానల్లేక అందరూ పశువులను అమ్ముకున్న ఏడాది కూడా మా పాడి ఎనుము మాకుండేది. ఆయనకు ఆ గర్వం చాలా ఉండేది.

తొమ్మిదేళ్లప్పుడు నాకు చెవిలో చీము పట్టింది. డాక్టరు ఇచ్చిన ప్రతి మాత్రనూ పెద్ద గ్లాసెడు పాలతో మింగించారు. కడుపు ఉబ్బి, మెలిపెట్టి, విరేచనాలు పట్టుకున్నాయి. వేడి ఇంకా దిగలేదని మరో గ్లాసు పోశారు. నాలుగో రోజుకు గోడ పట్టుకుంటే గానీ నడవలేకపోయాను.

పక్కింటి అక్క ఒక్కతే వేరేగా ఆలోచించింది. "మాత్ర మానొద్దురా, చెవి పోతాది. పాలు మాను. గంజితో మింగు. రెండు దినాలు చూడు, నీ కడుపే చెప్తాది" అంది. నా వంతు పాలు ఎనుము కుడితి తొట్టిలో పోసి, ఆమె ఇచ్చిన గంజి తాగాను. రెండో రోజుకు కడుపు నొప్పి బాగా తగ్గింది.

మూడో రోజు పోస్తూ దొరికిపోయాను. తాతయ్య గద్దిస్తే అక్క చెప్పిందన్నాను. అది నిజమే. కడుపు బాగైందన్న నిజం మాత్రం దెబ్బలకు జడిసి చెప్పలేదు. ఆయన వీధిలో నిలబడి, "మా ఎనుము పాలు ఇసమంటమ్మే? పిల్లల్లేనిదానివి, మా పిల్లోని మీద ఎందుకు పడతాండావు?" అని అరిచాడు. ఎక్కడ తగలాలో తెలిసే అన్నాడు ఆ మాట. ఆమె నా వైపు చూసింది. నేను తలుపు చాటుకు పోయాను. ఆ తర్వాత మా వీధిలో ఏ పిల్లవాడికి కడుపు నొచ్చినా ఆమె దిష్టే అన్నారు.

పోయినేడు షుగరు మాత్రలు మొదలుపెట్టాక మళ్లీ అదే అవస్థ. కొంత మాత్రల వల్లేనని, అయితే నాకు మొదటి నుంచీ పాలు అరగవేమోనని డాక్టరమ్మ అనుమానించింది. మాత్ర ఆపకుండా పాలు మానేసి చూడమంది. తేరుకున్నాను. సంతోషించాల్సింది పోయి ఒళ్లు మండింది. నలభై ఏళ్ల కిందట ఇదే పరీక్ష గంజితో చేసి చూపించిన మనిషిని మేము దిష్టి మనిషిని చేశాం!

ఎర్రగుంట్లలో తన తమ్ముడింట్లో ఉంటున్న ఆ అక్క దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. "కూర్చో, టీలో పాలు పోయనులే" అని నవ్వింది. తర్వాత మెల్లగా, "నాకెందుకప్పా చెప్తాండావు? నాకు తెల్సు గదా. ఆ వీధిలో వాళ్లకు చెప్పాల్సింది" అంది.

ఆ వీధివాళ్లు చదవాలనే రాస్తున్నాను. ఆమె చూపు వల్ల ఏ పిల్లవాడికీ ఏమీ కాలేదు. నా నొప్పి తగ్గించింది ఆమె. అది తెలిసీ నోరు మూసుకున్నది నేను. ఎవరైనా సగం నిజం చెప్పి ఆగిపోతే ఇప్పటికీ నాకు పట్టరాని కోపం వస్తుంది. అది ముందు నా మీదే.