ఆరింటి ఫోనుకి ఒక కోడ్

మొన్న ఘాట్ రోడ్డు మీద ఒక స్క్రూడ్రైవర్ నా పరువు నిలువునా తీసింది. చెప్తాను కానీ, టీ పొలమారేలా నవ్వకండి.

సాలూరు దాటి కొండెక్కితే మా గురుకులం. అక్కడ ఫిజిక్స్ చెప్తాను. సాయంత్రం బెల్లు కొట్టాక పిల్లలు హాస్టల్‌కి పోతారు, క్వార్టర్స్‌లో నేనొక్కదాన్నే. నాకున్న తోడల్లా పాత టర్బో డీజిల్ కారు. కిందటి నెల దాని ఇంజిన్ లైటు వెలిగింది. ఎత్తు ఎక్కేటప్పుడు లాగదు, పైగా ఈల వేస్తుంది.

ఆన్‌లైన్‌లో చిన్న స్కానర్ తెప్పించాను. స్టీరింగ్ కింద గుచ్చితే ఫోన్‌లో కోడ్ చూపిస్తుంది. పి జీరో టూ డబుల్ నైన్ అంది. అంటే టర్బో నుంచి ఇంజిన్‌కి చాలినంత గాలి అందడం లేదని. సాలూరు మెకానిక్ సూరిబాబు గారికి ఫోన్ చేశాను. అరవై దాటిన పెద్దాయన. కొండ దిగి రానక్కర్లేదు, నేను చెప్పినట్టు రోజుకొకటి చూసుకోండి అన్నారు.

అలా రోజూ ఆరింటికి, ఆయన షెడ్డు మూసేముందు, నా ఫోన్. ఒకరోజు ఎయిర్ ఫిల్టర్ విప్పాను. ఒకరోజు సన్న గొట్టాలన్నీ తడిమాను. కోడ్ చెరిపేస్తే మర్నాడు మళ్ళీ వచ్చేది. దాని సంగతి రెండు నిమిషాలే. తర్వాత "ఇయాల ఏటొండేరు మేడమ్?" అనేవారు. షెడ్డు వెనకే ఇల్లట, అక్కణ్నుంచి ఆయన భార్య, అందులో కాస్త వాము వెయ్యమనేది. నిజం చెప్తున్నా, రోజు మొత్తంలో నేనేం తిన్నానని అడిగేది ఆ ఒక్క ఫోనే.

తొమ్మిదో రోజు టర్బో లావు గొట్టానికుండే క్లిప్ వదులైందని తేలింది. బిగించాను, లైటు ఆరిపోయింది. ఇంక మీకే బాధా లేదన్నారు ఆయన సంతోషంగా.

నా బాధ అప్పుడే మొదలైంది. మర్నాడు ఆరింటికి ఫోన్ తీసి, ఏం చెప్పి చెయ్యాలో తెలీక పెట్టేశాను. ఆ మర్నాడూ అంతే. ఊరికే చేస్తే ఏమనుకుంటారు? మూడోరోజు వండబుద్ధే కాలేదు, మరమరాలు తిని పడుకున్నాను. నాలుగో రోజు రెండో శనివారం, సెలవు. బానెట్ ఎత్తి ఆ క్లిప్‌ని రెండంటే రెండు చుట్లు వదులు చేశాను. ఫిజిక్స్ టీచర్ని కదా, లెక్క వేసే చేశాను. లైటు వెలుగుతుంది, కారు నడుస్తుంది!

వెలగలేదు. ఇంజిన్ మీద బరువు పడాలని ఘాట్ కొంత దిగి, మళ్ళీ పైకి ఎక్కించాను. మూడో మలుపులో టప్‌మంది. గొట్టం ఊడిపోయింది, నల్లటి పొగ, కారు ముక్కి ముక్కి ఆగింది. సంత నుంచి వస్తున్న ఆడవాళ్లు బుట్టలు దించి, టైరు కింద రాయి పెట్టారు. నీతో ఎవరూ రాలేదా అని అడిగారు. లేదన్నాను.

ఫోన్ చేస్తే సూరిబాబు గారు షెడ్డు వదిలేసి బైకు మీద వచ్చారు. బానెట్‌లోకి చాలాసేపు చూశారు. వైబ్రేషన్‌కి క్లిప్ దానంతటదే వదులైనట్టుంది అన్నాను. క్లాసులో చెప్పినట్టు ఘర్షణ గురించి కూడా కాస్త దంచాను. ఆయన బ్యాటరీ పక్క నుంచి పసుపు పిడి స్క్రూడ్రైవర్ ఒకటి తీసి, కళ్లద్దాలు సవరించుకుని చదివారు. దాని మీద తెల్ల పెయింటుతో స్టాకు నంబరు, కింద 'ఫిజిక్స్ ల్యాబ్' అని ఉంది.

"దీన్ని కూడా వైబ్రేషనే తెచ్చిందేటండి?"

ఇక దాచలేదు. ఆరింటికి ఏమీ తోచట్లేదని, ఫోన్ చెయ్యడానికి ఏదో ఒక కారణం కావాల్సొచ్చిందని చెప్పేశాను. నడిరోడ్డు మీద ఏడుపొచ్చింది, అదొక సిగ్గు. ఆయన గొట్టం తొడిగి, క్లిప్ బిగించి, స్క్రూడ్రైవర్ తన జేబులో వేసుకున్నారు.

"ఇది నా దగ్గిరుంటాది. ఫోన్ మాత్రం మానీకండి. నాల్రోజుల్నుంచి మేడమ్ ఏటొండుకుందో అని మా ఇంటిది ఒకటే గోల."

నిన్న ఆరింటికి చేశాను. ఇవాళ ఏ కోడొచ్చిందని అడిగారు. కోడ్ ఏమీ లేదండి, కాకరకాయ వేపుడు మాడిందన్నాను. మొగుడూ పెళ్లాం స్పీకర్ పెట్టి, దాన్నెలా బాగుచెయ్యాలో అరగంట చెప్పారు.

నిజానికి వేపుడు మాడలేదు.